మధురాసవాలు: తీపిని రుచి చూచే విద్య

తీపిని ఇష్టపడని నాలుక లేదు. సంగీతం వినడానికి చెవికి సాధన కావాలంటే ఒప్పుకొంటాము. పద్యంలోని స్వారస్యం తెలియడానికి మనసుకు సంస్కారం కావాలంటే ఒప్పుకొంటాము. కాని తీపిని రుచి చూడడానికి కూడా శిక్షణ కావాలంటే మాత్రం నవ్వు వస్తుంది. బెల్లం ముక్క నోట వేసుకోవడానికి గురువు దేనికని అడుగుతాము.

ఐరోపా ఖండంలోని కొన్ని సీమలవారు ఈ ప్రశ్నకు శతాబ్దాలుగా సమాధానం చెప్తూ ఉన్నారు. ఆ సమాధానం ఒక చిన్న గాజు పాత్రలో, బంగారు వన్నెతో, రెండు వ్రేళ్ళ లోతున ఉంటుంది. భోజనం ముగిసిన తరువాత మెల్లగా చప్పరించే తీపి వైన్లు అవి. ద్రాక్షాసవమనే మాట మన ఆయుర్వేద వైద్యుల మూలాన మనకు పాతదే. కనుక ఈ ప్రసంగంలో వాటిని మధురాసవాలని పిలుస్తాము.

మద్యం ముట్టని శ్రోతలు మనలో ఎందరో ఉన్నారు. వారిని ముట్టమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎంత కొద్దిపాటి మద్యమైనా ఆరోగ్యానికి నిరపాయమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ఆ మాటను మరుగుపరచి ఈ విషయాన్ని పొగడడం ధర్మం కాదు. అయితే వీణ వాయించనివారు కూడా వీణను గురించి తెలుసుకోవచ్చును. ఈ విద్యలోని ప్రధానమైన పాఠాన్ని చుక్క మద్యం లేకుండానే ఇంటివద్ద నేర్చుకొనే ఉపాయం కూడా ఒకటి ఉన్నది. దానిని తరువాత మనవి చేస్తాము.

ముందు ఒక చిక్కు విప్పవలసి ఉన్నది. ద్రాక్షరసం పులిసేటప్పుడు అందులోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవులు తిని మద్యసారంగా మారుస్తాయి. వాటిని వాటి మానాన విడిచిపెడితే చక్కెర దాదాపు అంతా హరించిపోతుంది. మామూలు వైన్లలో తీపి ఉండకపోవడానికి కారణం ఇదే. మరి మధురాసవంలో తీపి ఎట్లా నిలుస్తుంది? చక్కెర కలుపుతారు కాబోలునని అనుకోవడం సహజం. మేలైన మధురాసవంలోని తీపి కలిపినది కాదు, పండులోనిదే మిగిలినది. కలిపిన తీపికి, మిగిలిన తీపికి గల భేదాన్ని గుర్తించడమే ఈ విద్యలో మొదటి మెట్టు.

తీపిని మిగల్చడానికి ముఖ్యంగా నాలుగు మార్గాలు ఉన్నవి: పండును ఎండబెట్టడం, గడ్డకట్టనివ్వడం, పులియడాన్ని నడుమ ఆపివేయడం, పండును తీగ మీదనే కుళ్ళనివ్వడం.

ఎండబెట్టడం అన్నింటికన్న ప్రాచీనమైనది. సుమారు 2,700 సంవత్సరాల క్రిందట గ్రీకు కవి హెసియడ్, కోసిన ద్రాక్షలను పది దినాలు ఎండలోను, ఆ పైన అయిదు దినాలు నీడలోను ఉంచవలెనని వ్రాసినాడు. సైప్రస్ ద్వీపంలోని కమాందారియా నేటికీ ఎండబెట్టిన పండ్లతోనే తయారవుతున్నది. ఇటలీలోని టస్కనీ సీమలో ద్రాక్షగుత్తులను చాపల మీద పరచిగాని, దూలాలకు వ్రేలాడదీసిగాని శీతకాలం వరకు ఆరబెడతారు. తీసిన రసాన్ని చిన్న చిన్న పీపాలలో పోసి అటక మీద ఏళ్ళ తరబడి ఉంచుతారు. వేసవి వేడికి, శీతకాలపు చలికి లోనై అది విన్ సాంతో అనే మధురాసవంగా మారుతుంది. మామిడిరసాన్ని చాపమీద పొరలు పొరలుగా పోసి తాండ్ర చేసే మన ఇల్లాండ్రకు ఈ రహస్యం వేరే చెప్పనక్కర లేదు. నీరు పోయినకొద్దీ రుచి చిక్కబడుతుంది.

పులియడాన్ని నడుమ ఆపే పద్ధతికి పోర్చుగల్ దేశం పుట్టినిల్లువంటిది. డౌరో నదీలోయలో ద్రాక్షరసం సగం పులిసినప్పుడు అందులో ద్రాక్షనుంచి తీసిన ఘాటైన సారాయి పోస్తారు. ఈస్ట్ చచ్చిపోతుంది, చక్కెర నిలిచిపోతుంది. అదే పోర్ట్. ఆ లోయకు 1756లోనే హద్దులు నిర్ణయించినారు. ఆ దేశానికే చెందిన మదీరా దీవి వైన్‌కు ఒక వింత చరిత్ర ఉన్నది. నౌకలలో ఉష్ణమండలాన్ని దాటి, ఇండియా దాకా వచ్చి తిరిగి వెళ్ళిన పీపాలలో రుచి ఇనుమడించినదని ఆనాటి వర్తకులు కనిపెట్టినారు. ఓడ ప్రయాణం చేసిన ఆ వేడినే ఇప్పుడు కొట్లలోనే కల్పిస్తున్నారు. మదీరా పేరు వినగానే మన మదిర శబ్దం స్ఫురిస్తుంది. కాని రెంటికీ చుట్టరికం లేదు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు కలప అని అర్థం. ఆ దీవి ఒకప్పుడు దట్టమైన అడవి.

గడ్డకట్టే పద్ధతి జర్మనీలో ప్రసిద్ధం. పండిన ద్రాక్షను కోయకుండా తీగపైనే ఉంచి, సున్నకు దిగువన 7 డిగ్రీలైనా చలి పడే రాత్రి కోసం కాచుకొని ఉంటారు. ఆ చీకటిలోనే కోసి, గడ్డ కరగకముందే పిండుతారు. నీరు మంచుగా గానుగలో ఉండిపోతుంది. తేనెవంటి రసం కొద్దిగా కారుతుంది. దీనిని ఐస్‌వైన్ అంటారు.

ఇక నాలుగవ మార్గం. మా ప్రసంగానికి ప్రాణం ఇక్కడనే ఉన్నది.

బోట్రైటిస్ సినీరియా అని ఒక బూజు. పండ్లతోటలకు, కూరగాయలకు అది శత్రువు. కాని బాగా పక్వమైన తెల్లద్రాక్షపై, ఉదయం పొగమంచు కమ్మి మధ్యాహ్నానికి ఎండ కాసి గాలి వీచే చోట, అది విచిత్రంగా ప్రవర్తిస్తుంది. పండు తొక్కకు కంటికి కానరాని రంధ్రాలు పొడుస్తుంది. వాటిగుండా నీరు ఆవిరియై పోతుంది. పండు ముడుతలు పడి, గోధుమవన్నెకు తిరిగి, బూడిద రాచుకొన్నట్లు అవుతుంది. చూచినవారు ముట్టుకోవడానికి కూడా సంకోచిస్తారు. కాని ఆ ముడుచుకొన్న తొక్కలోపల చక్కెర చిక్కబడుతుంది, పులుపు చిక్కబడుతుంది, గ్లిసరాల్ అనే జిగురుగల పదార్థం పుడుతుంది, తాజా ద్రాక్షలో ఎన్నడూ లేని పరిమళాలు వచ్చి చేరుతాయి. ఫ్రెంచివారు, జర్మనులు కూడా దీనిని ఉదాత్తమైన కుళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఎండకు బదులు వాన పట్టుకొన్నదా, అదే బూజు తోటనంతా మురుగబెట్టి చేతికి ఏమీ రాకుండా చేస్తుంది. బూజు ఒకటే, పండు ఒకటే. ఆకాశంలోనే ఉన్నది భేదం.

ఫ్రాన్సులో బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన సోటెర్న్ అనే చిన్న సీమ ఉన్నది. చెట్ల నీడన చల్లగా ప్రవహించే సిరోన్ అనే యేరు అక్కడికి సమీపాన వెచ్చని గరోన్ నదిలో కలుస్తుంది. శరత్కాలంలో ఆ చల్లని నీరు, ఈ వెచ్చని నీరు కలిసేచోట పొగమంచు లేచి తోటలపై పరచుకొంటుంది. సోటెర్న్ భాగ్యమంతా ఆ పొగమంచులోనే ఉన్నది. అయితే ఒక గుత్తిలోని పండ్లన్నీ ఒకేసారి ముడుచుకోవు. అందుచేత కోతగాండ్రు తోటలోకి అయిదారు మార్లు వెళ్ళి, ముడుచుకొన్న పండ్లను మాత్రమే ఏరి కోస్తారు. ఒక్కొక్కప్పుడు ఈ పని నవంబరు దాకా సాగుతుంది. అక్కడి షాతో దికెమ్ అనే తోటకు 1855లో చేసిన వర్గీకరణలో సోటెర్న్ వైన్లన్నింటికన్న పైస్థానం, ఒంటరి స్థానం లభించినది. ఆ తోటలో ఒక తీగకు ఒక్క గ్లాసు మాత్రమే వస్తుందని వాడుక.

ఆ తోటవారు 1964, 1972, 1974, 1992, 2012 సంవత్సరాలలో తమ పేరిట మధురాసవాన్ని అసలే విడుదల చేయలేదు. ఏడాది పొడుగునా తోటను సాకి, కూలీలకు డబ్బిచ్చి, చివరకు తమ పేరు పెట్టదగిన రసం రాలేదని ఊరకుండిపోవడం సామాన్యమైన విషయం కాదు. పేరుమోసిన తోట కనుక అది తట్టుకొన్నది. ప్రక్కనున్న చిన్న రైతు సంగతి ఏమిటి? సెప్టెంబరులోనే కోసి అమ్ముకొంటే నాలుగు డబ్బులు వచ్చే పంటను, బూజు కోసం, ఎండ కోసం, ఇంకా నాలుగు వారాలు ఆకాశం క్రింద వదలిపెట్టడం అతని సాహసం. కోసిన వరి పనలు చేలో ఉండగా తుపాను వార్త విన్న మన డెల్టా రైతుకు ఆ నాలుగు వారాల నిద్ర ఎట్లా ఉంటుందో తెలుసును. మన రైతు ఆపదను కోరి తెచ్చుకోడు. సోటెర్న్ రైతు ఏటేటా కోరి తెచ్చుకొంటున్నాడు. అదొక్కటే తేడా.

ఇదే సాహసానికి మరొక పీఠం హంగరీ దేశపు ఈశాన్య భాగాన ఉన్న టొకాయ్. అక్కడ బోద్రోగ్, తిస్సా నదులు కలుస్తాయి. ముడుచుకొన్న పండ్లను ఆ దేశస్థులు అసూ అంటారు. వాటిని ఒక్కొక్కటిగా ఏరి, సుమారు 25 కిలోల బుట్టలతో కొలిచేవారు. 136 లీటర్ల పీపాకు ఎన్ని బుట్టల అసూ పండ్లు చేర్చితే ఆ వైన్‌కు అన్ని బుట్టల పేరు. మూడు మొదలుకొని ఆరు బుట్టల వరకు లెక్క ఉండేది. 2013లో వచ్చిన నియమాల ప్రకారం అసూ వైన్‌లో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర మిగిలి ఉండాలి. కుప్పపోసిన అసూ పండ్లనుంచి తమ బరువుకు తామే కారే బొట్లను వేరుగా పట్టి ఎసెన్సియా అంటారు. అందులో లీటరుకు 450 గ్రాములకు తక్కువ కాకుండా చక్కెర ఉంటుంది. అంతటి తీపిలో ఈస్ట్ కూడా పని చేయలేక ఏళ్ళ తరబడి ఈడుస్తుంది. దానిని గ్లాసుతో కాక చెంచాతో ఇవ్వడం ఆచారం.

యుద్ధభయం వలన కోత ఆలస్యమై, 1630ల ప్రాంతంలో ఒక మతాచార్యుడు ముడుచుకొన్న పండ్లతో మొదట ఈ వైన్ చేసినాడని టొకాయ్‌లో కథ చెప్తారు. కాని 1570ల నాటి పత్రాలలోనే అసూ ప్రస్తావన ఉన్నది. జర్మనీలో కూడా ఇటువంటి కథే ఉన్నది. యోహానిస్‌బర్గ్ తోటకు 1775లో కోతకు అనుమతి తేవలసిన రౌతు ఆలస్యంగా వచ్చినాడట. అప్పటికే కుళ్ళిన పండ్లతో చేసిన వైన్ అద్భుతంగా కుదిరినదట. కథలు ఎంతవరకు నిజమైనా వాటి సారాంశం ఒకటే. ఆలస్యం ఫలించినది. టొకాయ్ తోటలకు 1737లో రాజశాసనం హద్దులు నిర్ణయించినది. 1823లో రచితమైన హంగరీ జాతీయగీతంలో గోధుమచేలతోపాటు టొకాయ్ ద్రాక్షతీగలకు కూడా స్థానం దొరికినది. 2002లో ఆ సీమ యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కినది.

కొన్ని సంవత్సరాల క్రిందట ఆ సీమలో ఒక వృద్ధ రైతు నేలమాళిగకు మేము వెళ్ళినాము. అక్కడి మాళిగల గోడలకు నల్లని బూజు దుప్పటి కప్పినట్లు ఉంటుంది. ఆయన ఒక చిన్న గ్లాసులో కొంచెం పోసి ఇచ్చినారు. దాహంగా ఉండి షర్బత్తువలె ఒక్క గుక్కలో త్రాగివేసి, చాల తియ్యగా ఉన్నదని మెచ్చుకొన్నాము. ఆయన నవ్వలేదు. మరికొంచెం పోసి, దుబాసీ ద్వారా ఒక ప్రశ్న వేసినారు: “తీపి పోయిన తరువాత ఏమి మిగిలినది?” మావద్ద సమాధానం లేదు. ఈసారి నోట ఉంచుకొని, మింగి, ఆగినాము. తీపి మెల్లగా వెనుకకు తగ్గినది. దాని క్రిందనుంచి నిమ్మపండు వంటి పులుపు లేచి నాలుకను కడిగినది. అటు తరువాత ఎండిన ఖుబానీ, నారింజతొక్క, కుంకుమపువ్వు వంటి వాసన చాలసేపు నిలిచినది. అప్పుడు చెప్పినారాయన, ఆ ఏడు వానలు పడినవని, తోట మొత్తానికి ఒకే ఒక్క పీపా వచ్చినదని. మేము ఒక్క గుక్కలో త్రాగినది ఆ పీపాలోనిదే. సిగ్గుపడినాము. ఈ ప్రసంగం ఆ సిగ్గునుంచే పుట్టినదని చెప్పుకోవచ్చును.

ఆ వృద్ధుడు అడిగిన ప్రశ్నలోనే రుచి చూచే పద్ధతి అంతా ఇమిడి ఉన్నది. తీపికి కొలత తీపి కాదు, దానికి ఎదురు నిలిచే పులుపు. ఇంటివద్ద పరీక్షించి చూడవచ్చును. రెండు గ్లాసుల నీళ్ళలో సమానంగా బెల్లం కరగించండి. ఒకదానిలో అరచెక్క నిమ్మరసం పిండండి. మొదటిది ఒక గుక్క త్రాగి ఆగితే తీపి నాలుకకు అంటుకొని, రెండవ గుక్కకు మనసు పోదు. నిమ్మరసం చేరినది త్రాగితే నోరు శుభ్రమై రెండవ గుక్కను తానే కోరుతుంది. బెల్లం రెంటిలోను ఒక్కటే. మంచి మధురాసవానికి, మొహం మొత్తే చక్కెరపాకానికి గల భేదం ఇదే.

మిగిలిన పద్ధతి అంతా ఓపికకు సంబంధించినది. మధురాసవాన్ని 8 మొదలు 12 డిగ్రీల చల్లదనంలో ఉంచడం మేలు. మరీ చల్లనైతే పరిమళం ముడుచుకొంటుంది. వెచ్చనైతే తీపి బరువెక్కుతుంది. మూతి కొంచెం ముడిచిన చిన్న గ్లాసులో మూడవవంతుకు మించి పోయరాదు. ముందు తెల్లని గుడ్డ ఎదుట పట్టి వన్నె చూడాలి. లేతదైతే గడ్డి వన్నె, వయసు వచ్చినకొద్దీ బంగారు, ఆ పైన తేనీటి వన్నె. తరువాత వాసన చూడాలి. గ్లాసు ఒకసారి మెల్లగా త్రిప్పి మరల చూడాలి. మొదటిసారి పండు, రెండవసారి తేనె పలుకుతాయి. అప్పుడు చెంచాడు మాత్రం నోట తీసుకొని నాలుకంతటా పరచాలి. మింగిన తరువాత రుచి ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టాలి. ఫ్రెంచి రుచిపరీక్షకులు ఈ లెక్కకు కోదలీ అని పేరు పెట్టినారు. ఒక కోదలీ ఒక సెకండు. పరీక్ష వృత్తిగా గలవారు మింగరు. రుచి చూచి ఉమిసివేస్తారు. రుచికి మత్తు అవసరం లేదనడానికి అదే సాక్ష్యం.

ప్రక్కన ఏమి ఉండాలనే దానికి సూత్రం ఒకటే: పక్కనున్న తినుబండారం మధురాసవంకన్న తియ్యగా ఉండరాదు. తాపేశ్వరం కాజా నోట ఉండగా సోటెర్న్ చప్పరిస్తే ఎంత ఖరీదైన సోటెర్న్ అయినా పుల్లనీళ్ళవలె తోస్తుంది. అది కాజా తప్పూ కాదు, సోటెర్న్ తప్పూ కాదు. ఉప్పు మాత్రం తీపికి చక్కని జోడు. అందుకే ఫ్రెంచివారు సోటెర్న్‌తో ఉప్పని రోక్‌ఫోర్ చీజ్‌ను, ఆంగ్లేయులు పోర్ట్‌తో స్టిల్టన్ చీజ్‌ను తింటారు. మన వేయించిన ఉప్పు జీడిపప్పు కూడా ఆ పనికి తక్కువేమీ కాదు.

రుచి తెలియని గిరాకీ ఎంతటి కీడు చేయగలదో 1985లో ఆస్ట్రియా దేశంలో బయటపడినది. తియ్యని, చిక్కని వైన్లకు చవుకధరలో గిరాకీ పెరిగినది. నాలుగు వారాలు ఆకాశాన్ని చూస్తూ కూర్చోవడం కొందరు వ్యాపారులకు లాభసాటి కాలేదు. పలుచని వైన్‌లో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థాన్ని కలిపి, తీపి, చిక్కదనం ఉన్నట్లు భ్రమ కల్పించినారు. సంగతి తెలియగానే దేశదేశాలలో ఆస్ట్రియా సీసాలను వెనుకకు త్రిప్పినారు. ఏ పాపం ఎరుగని రైతులు కూడా ఆ ఊబిలో దిగబడినారు. అదే ఏడు ఆస్ట్రియా కఠినమైన వైన్ చట్టం చేసినది. తీపి పోయిన తరువాత ఏమి మిగిలినదని కొనేవారు అడిగి ఉంటే ఆ మోసం అంత సులభంగా సాగేది కాదేమో.

ఇప్పుడు ఈ మధురాసవాలకు మరొక ఆపద వచ్చినది. చలికాలాలు వెచ్చనవుతున్నవి. 2019వ సంవత్సరపు పంటనుంచి జర్మనీ మొత్తంమీద ఐస్‌వైన్ తయారు కాలేదు. చాలినంత చలి ఏ సీమలోనూ పడలేదు. అటువంటిది అంతకు ముందు ఎన్నడూ జరగలేదని అక్కడి వైన్ సంస్థ ప్రకటించినది. మరొకవైపు భోజనాంతాన తీపి వైన్ చప్పరించే అలవాటు తగ్గుతున్నది. సోటెర్న్‌లోనే అనేకులు తోటలో కొంత భాగాన్ని ముందుగానే కోసి తీపి లేని తెల్లవైన్ చేసి అమ్ముకొంటున్నారు. వారిని తప్పుపట్టలేము, పిల్లలను పోషించుకోవాలి. కాని పండిన పంటను కోయకుండా ఆగగలిగిన ధైర్యం ఒక తరంలో సడలితే, ఏ పండు కోయాలో ఏది విడవాలో గుర్తుపట్టే కోతగాండ్ర కన్ను తరువాతి తరానికి అందదు. తీగలు మరల నాటుకోవచ్చును, ఆ కన్నును నాటుకోలేము.

శ్రోతలలో ఎవరైనా ఎప్పుడైనా ఆ దేశాలకు వెళ్ళి, ఎవరి ఇంటనైనా ఆ చిన్న గ్లాసు ఎదురైతే, పుచ్చుకోవడమో మానడమో వారి ఇష్టం. పుచ్చుకొంటే మాత్రం మావలె గుక్కలో త్రాగవద్దు. అంతదాకా ఎందుకు? రాబోయే శ్రీరామనవమినాడు పందిట్లో పానకం చేతికి వచ్చినప్పుడు, ఒక్క గుక్క తీసుకొని, కన్ను మూసుకొని, ఒక్క క్షణం ఆగి చూడండి. బెల్లపు తీపి వెనుకకు తగ్గిన తరువాత మిరియం ఎప్పుడు పలికినదో, ఏలకి ఎంతసేపు నిలిచినదో లెక్కపెట్టండి. టొకాయ్ వృద్ధుడు మాకు నేర్పిన పాఠం మీకు అక్కడనే అందుతుంది.